రెండు తలుపులూ ఒకేసారి తెరవకూడదు

కృష్ణస్వామి చేసిన తలుపు కిర్రుమంటే అది తలుపు తప్పు కాదు, మూసినవాడి చెయ్యి తప్పు. ఈ మాట ఆయనే ఖరాఖండిగా చెబుతాడు. పొలాలున్న ఇంట్లో పుట్టి ఉలి పట్టినందుకు బంధువులు మూతి విరిచారు గానీ, ఆయన బిగించిన చెక్కల మధ్య దారప్పోగు కూడా దూరదని ఇందిరా నగర్‌లో వాళ్లే చెప్పుకొంటారు. నలభై ఏళ్లలో ఆయన పనిని ఎవరూ వెనక్కి పంపలేదు.

పోయిన ఏడాది ఉలి జారి బొటనవేలు తెగింది. ఏడు కుట్లు పడ్డాయి. భార్య జయమ్మాళ్ ఆ సాయంత్రమే పనిముట్ల పెట్టెకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. అప్పటినుంచి ఆయన ఇంట్లో కనిపించిన కుర్చీనల్లా ఊపి చూస్తూ ఆమె ప్రాణం తోడేస్తున్నాడు.

మేడమీద అద్దెకుండే కీర్తిది యానాం. ఇక్కడ ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఒకరోజు బొమ్మ గీసిన కాగితం పట్టుకుని కిందికి దిగింది. ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుందట. ఆ పొరలో ఒక ప్రొటీన్ కూర్చుని, లోపలికొచ్చిన మందును పట్టి బయటికి తోసేస్తుందట. కొన్ని జబ్బులు మందుకు లొంగకపోవడానికి అదీ ఒక కారణమట.

"బోర్డు మీద గీస్తే పిల్లలకు ఎక్కట్లేదండి. చెక్కతో చేసి పెడతారా బాబాయ్ గారూ?"

కృష్ణస్వామి ఆశగా భార్య వంక చూశాడు.

"ఈ ఒక్కటే," అంది జయమ్మాళ్. "బాగా వచ్చిందా, ఇంక నేను నోరు తెరవను. బాగలేదని వెనక్కొచ్చిందా, పెట్టె మీ శిష్యుడు ముకుందన్ ఇంటికి పోతాది."

పని సాగినన్నాళ్లూ పొద్దున ఆమే పెట్టె తీసేది, సాయంత్రం ఆమే తాళం వేసేది. వారానికి టేకు ప్రొటీన్ తయారైంది. రెండు సగాలు, మధ్యలో దారి, అద్దంలాంటి నునుపు. కీర్తి ఒక కొసన కన్ను పెట్టి చూస్తే అవతలి కొసన కృష్ణస్వామి గడ్డం కనిపించింది.

"ఇదేంటండీ, రెండు వైపులా తెరిచుంది?"

"ఏంది పాపా అట్లడగతావు? వాసల్లో నిలబడితే కొల్లై కనపడాల. అప్పుడే గదా ఇంట్లో గాలాడేది?"

వీధి వాకిలి నుంచి పెరటిదాకా తలుపులన్నీ ఒకే వరసలో పెట్టడం ఆయన చేతికి అలవాటైన పని మరి.

"ఇది ఇల్లు కాదు కదండీ. రెండూ ఒకేసారి తెరిస్తే కణంలో ఉన్నదంతా కారిపోద్ది. లోపలి తలుపు తెరిచినప్పుడు బయటిది మూసుండాలి. మందు చిక్కాక లోపలిది మూసుకుని, అప్పుడు బయటిది తెరుచుకోవాలి. ఆకారం మారితేనే పని జరుగుద్ది."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. కృష్ణస్వామికి నిజంగానే భయం వేసింది.

"ఒక్క దినం ఇయ్యి పాపా," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు వెనక్కి పంపలా గదా?"

"లేదండీ, ఇంకా పని కాలేదంటున్నా, అంతే," అంది కీర్తి వంటింటికి వినిపించేలా.

మర్నాడంతా తాను బిగించినదాన్ని తానే వదులు చేసుకున్నాడు. వదులు పని అంటే ఆయనకు పరువు పోయినట్టే. కానీ బిగువుగా ఉన్నంతసేపూ సగాలు కదలనే లేదు. తిట్టుకుంటూ చిత్రిక పట్టాడు. నడుమ ఒక చీల దించి, రెండు సగాలూ బట్టల క్లిప్పులా ఆడేటట్టు చేశాడు. ఒక కొస నొక్కితే ఇంకో కొస విచ్చుకుంది. లోపల వేసిన చింతగింజ టక్కున అవతల పడింది. పదిసార్లు వేశాడు, పదిసార్లూ పడింది. చూడ్డానికొచ్చిన జయమ్మాళ్ కూడా రెండు గింజలు వేసింది.

కీర్తి దాన్ని క్లాసుకు తీసుకుపోయి సాయంత్రం నవ్వుకుంటూ వచ్చింది. పిల్లలు వరస కట్టి నొక్కారట.

"ఇంకొకటి కావాలండి. ఈసారి పనిచెయ్యనిది."

కృష్ణస్వామి ముఖం ఎర్రబడింది. "నలభై ఏండ్లు చేసినోణ్ని, చెడగొట్టి ఇయ్యమంటావా?"

"ఒక్క ముక్క మారితే చాలండి, మొత్తం ఆగిపోద్ది. ఒంట్లోనూ అంతే. ఎక్కడ మారితే ఏది ఆగుద్దో పిల్లలు చేత్తో పట్టి చూడాలి. అలాంటివి ఓ ఇరవై దాకా ఉన్నాయి."

ఇరవై! ఆయనకు భార్య వైపు తిరిగే ధైర్యం చాలలేదు. జయమ్మాళే వచ్చి, కొంగు ముడి విప్పి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"వేలు బద్రం," అంది.

కృష్ణస్వామికి పట్టరాని సంతోషం కలిగింది. కీర్తికి కుర్చీ జరిపాడు.

"కూసో పాపా. మొదట యాడ చెడగొట్టాల?"