‘పోయినాను’ పాడిన మా మామ

మా మేనమామ ఇక లేడు. పోయిన నెల హోసూరులో, పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్ళిపోయాడు. అత్త ఫోన్ చేసి, “మామ పోయినాడు పాపా,” అంది. “యాడికి?” అన్నాను. మా వైపు పోవడమంటే ముందు బస్సే గుర్తొస్తుంది. మామ చివరి ఆల్బమ్ కథంతా ఆ మాట మీదే నడిచింది కాబట్టి మీకు చెప్పాలి.

వయసులో ఉన్నప్పుడు మామ బెంగళూరులో ఒక రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయిస్తూ పాడేవాడు. భుజాల దాకా జుట్టు, పాటలన్నీ ఇంగ్లీషు. మా ఊరు వేప్పనపల్లిలో అమ్మమ్మ ఆ క్యాసెట్ విని, “ఎవుర్ని తిడతా ఉండావప్పా?” అని అడిగిందట. బ్యాండ్ చెదిరిపోయాక హోసూరులో ఫ్యాక్టరీ పనికి కుదిరాడు. సెలవు రోజున నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని వాయించేవాడు. తీగలు సవరించేటప్పుడు నాలుక కొంచెం బయటపెట్టేవాడు, నేను నవ్వితే కోపం వచ్చేది. పాట వినడం నాకు ఆయన దగ్గరే వచ్చింది. అమ్మమ్మ మాట మాత్రం ఆయన్ని వదల్లేదు. “మనోళ్ళకి అర్థమయ్యేటట్ల ఒక పాటన్నా పాడాల పాపా,” అనేవాడు.

రిటైరయ్యాక మళ్ళీ స్టూడియోకి వెళ్ళాడు. ఈసారి అంతా తెలుగు, అదీ మా ఇంటి తెలుగు. మొదటి పాట ‘పోయినాను’. షిఫ్టుకు పరుగెత్తి, బస్సు అందక రోడ్డు మీద నిలబడిపోయిన మనిషి గోల అది. రికార్డింగ్ చేసే అతనిది విజయవాడ వైపు. “పోయినాను అంటే చచ్చిపోయినట్టుందండీ, వెళ్ళాను అందామా?” అన్నాడు మర్యాదగా.

“మా పక్క పోయినోళ్ళంతా సాయంత్రానికి తిరిగొస్తారప్పా,” అని మామ మళ్ళీ గిటార్ అందుకున్నాడు.

ఆ రికార్డింగ్ అతను భయపడ్డట్టే అయింది. ఆల్బమ్ ఇంటర్నెట్‌లోకి రాగానే ఎక్కడెక్కడి నుంచో మెచ్చుకున్నారు. చావును ఎదురుగా చూసిన కళాకారుడి వీడ్కోలు అని రాశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ధైర్యంగా ఉండమని మెసేజ్‌లు పెట్టారు. “బస్సు దొరకలేదని పాడితే నన్ను పాడె ఎక్కిస్తా ఉండారే,” అని మామ పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక, “వేప్పనపల్లిలో ఎవురన్నా విన్నారా పాపా?” అన్నాడు. నాకు తెలియదు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా అదే అడిగేవాడు. ఊరివాళ్ళ చెవిన పడకపోతే ఈ పాట కూడా ఇంగ్లీషు పాటే అనేవాడు.

కర్మ అయ్యాక వేప్పనపల్లిలో కృష్ణగిరి బస్సెక్కాను. మామిడితోటల్లో కూలికి పోయే ఆడవాళ్ళు ముందు సీట్లలో ఉన్నారు. ఒకామె ఫోన్‌లో మామ గొంతు మొదలైంది. బస్సు అందని చోట అందరూ గొల్లుమని నవ్వారు. నాకు ఏడుపు ఆగలేదు.

“సౌండు తగ్గించమ్మా,” అన్నాడు కండక్టరు.

ఆమె తగ్గించలేదు. “ఉండప్పా, మా ఊరాయన పాడతా ఉండాడు,” అంది.

కండక్టరు టికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు.