బస్సు కిటికీలో బెనిన్

2023 చివర్లో జరిగిన సంగతి ఇది. పలాసలో మా ఫిల్మ్ సొసైటీ నెలకొక విదేశీ సినిమా వేస్తుంది. థియేటరు కాదు, కమ్యూనిటీ హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు కట్టిన తెల్లటి తెర. రైలు వెళ్లినప్పుడల్లా డైలాగులు వినిపించవు. వినిపించకపోయినా నష్టం లేదు లెండి, ఆ భాష మాలో ఎవరికీ రాదు. బొమ్మ కింద పడే ఇంగ్లీషు అక్షరాలే, అంటే సబ్‌టైటిల్సే, మాకు దిక్కు. అవి చదవలేనివాళ్ల కోసం మా కార్యదర్శి, రిటైరైన మాస్టారు, మైకులో తెలుగులో చెబుతుంటారు. ప్రేమికుల మాటలు కూడా పాఠం చెప్పినట్టే చెబుతారాయన.

నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. రీళ్ల కాలంలో టెక్కలి దగ్గర టూరింగ్ టాకీసులో పని నేర్చుకున్నాను. అక్కడ నాకు మొదట నేర్పింది ఒకటే, ఆట మధ్యలో బొమ్మ ఆగకూడదని. ఆగితే లాంపు వేడికి ఫిల్ము బొబ్బలెక్కి కాలిపోయేది. కింద జనం ఊరుకుంటారా, ఆపరేటర్ వంశాన్నంతా పేరుపేరునా తలుచుకునేవారు. ఇప్పుడు సినిమా లాప్‌టాప్‌లోంచి నడుస్తుంది, కాలిపోయేదేమీ లేదు. అయినా నా చేతికి ఆ భయం పోలేదు.

ఆ నెల సినిమా ఆఫ్రికాలోని బెనిన్ దేశానిది. ఆటోకి మైకు కట్టి ఊరంతా చెప్పించాం. మామూలుగా మా ఆటకు వచ్చేది మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, ఊసుపోని మరో నలుగురు. ఆట రోజు మధ్యాహ్నం నేను తెర సరిచేస్తుంటే ఒకావిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పేరు పార్వతి. జీడి ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పని చేస్తుంది.

"బావూ, బెనిన్ సినిమా అంట కదా. ఆ దేశం నేల కనిపిత్తాదా?"

"నేలేటమ్మా? అన్నదమ్ముల ఇంటి గొడవ అది. అంతా టౌన్లోనే, గదుల్లోనే. ఎందుకడుగుతన్నావు?"

ఆమె భర్త జీడిపిక్కలు కోసే మిషన్ల మెకానిక్. బెనిన్‌లో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో పని నేర్పడానికి మనిషి కావాలంటే వెళ్లాడు. ఏడాది తిరక్కుండానే జ్వరంతో పోయాడు. శవాన్ని తేవడం కుదరక అక్కడే పాతిపెట్టారు. తోటి పనివాడు ఒక ఫోటో పంపాడట. ఫోనులో అది నాకు చూపించింది. బాగా దగ్గర నుంచి తీసిన మట్టికుప్ప, అంతే.

"దీని సుట్టూ ఏటున్నాదో తెల్దు బావూ. సెట్టున్నాదో, ఉత్త బయలో. ఎండలో పడున్నాడో, నీడలో ఉన్నాడో తెలకుండా నాకు ముద్ద దిగట్నేదు. ఇదే సోటు సూపించమని కాదు. ఆ దేశం ఎలాగుంటాదో సూత్తే సాలు."

"ఈ సినిమాలో అలాటిదేటీ నేదమ్మా" అన్నాను. ముందురోజే ప్రివ్యూ చేశాను, అంటే జనానికి వేసేముందు ఒకసారి పూర్తిగా నడిపి చూసుకున్నాను. "అయినా వత్తాను" అని ఆమె వెళ్లిపోయింది.

ఆ మాట తర్వాత నాకు కుదురు చిక్కలేదు. నిజానికి ప్రివ్యూలో మేం సినిమా చూడం. ఫోకస్ చూస్తాం, తెర అంచులు చూస్తాం, శబ్దం చూస్తాం. అందుకే లాప్‌టాప్‌లో మళ్లీ మొదటి నుంచి పెట్టాను. శబ్దం తీసేసి, నటుల్ని వాళ్ల మానాన వదిలేసి, వాళ్ల వెనక ఏముందో అదే చూస్తూ కూర్చున్నాను. సగం దాటాక దొరికింది. తమ్ముడు బస్సెక్కి ఎక్కడికో వెళ్తుంటే కిటికీ బయట ఎర్రగా, పచ్చగా ఏదో పరుగెడుతుంది. రెప్పలు నాలుగుసార్లు కొట్టేలోపు అయిపోతుంది. ఆ చిన్న తెర మీద అదేమిటో నాకూ తెలియలేదు.

సాయంత్రం ఆటకు పార్వతి ఒక్కతే రాలేదు, ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఆమె వెంట వచ్చి ముందు వరసలన్నీ నింపేశారు. నేను ఆమె దగ్గరకెళ్లి చెప్పాను. "తమ్ముడు బస్సెక్కుతాడు. అప్పుడు కిటికీకేసి సూడమ్మా. బేగి ఎలిపోతాది."

బస్సు కదిలింది. కిటికీ వచ్చింది. నా చెయ్యి పాజ్ నొక్కేసింది. బొమ్మ ఆగిపోయింది.

తిట్లు వస్తాయని కాచుకున్నాను. తెర నిండా ఎర్రమట్టి. ఆ మట్టి మీదకు కొమ్మలు వాల్చి, నేలను తాకుతూ కూర్చున్న గుబురు చెట్లు. వాటి కింద చిక్కటి నీడ.

"జీడితోట" అంది ముందు వరసలో ఒకావిడ. "ఒలమ్మా, మన జీడితోటే" అంది ఇంకొకావిడ. ఆ మాట వరస వెంట వరస హాలంతా పాకింది. బెనిన్ జీడిపిక్కలు పలాస ఫ్యాక్టరీలకు వస్తాయని మాకందరికీ తెలుసు. వాటిని కాసే చెట్టు కూడా ఒకటుంటుందని, అది కంచిలి వెళ్లే దారిలో ఉన్న మా తోటల్లోలాగే ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పార్వతి లేచి తెర దగ్గరకు నడిచింది. ప్రొజెక్టర్ వెలుతురు ఆమె మీద పడింది. ఆ దేశపు ఆకులు ఆమె వీపు మీద, జడ మీద పరుచుకున్నాయి. ఆమె ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. కొమ్మల కింద నల్లగా ఉన్నచోట అరచెయ్యి ఆనించింది. తర్వాత వెనక్కి తిరిగి తనవాళ్లతో మామూలు గొంతుతో అంది:

"నీడ బాగున్నాది."

ఇన్నేళ్లలో ఎన్ని బొమ్మలు వేశానో. తెర మీద వెలుగు అంత పని చేయగలదని ఆ రోజే కళ్లారా చూశాను.

ఆమె తన కుర్చీలో కూర్చున్నాకే సినిమా మళ్లీ నడిపాను. ఇప్పుడు నేను ప్రతి సినిమా ప్రివ్యూ రెండుసార్లు చేస్తాను, రెండోసారి కథ వెనక ఉన్నవాటి కోసం. చెట్టు కోసం వస్తారో, గుమ్మం కోసం వస్తారో, ఎవరు దేనికోసం వచ్చి ఆ చీకట్లో కూర్చుంటారో ఆపరేటరుకు తెలియదు. అందుకని అన్నీ చూసి పెట్టుకోవాలి.

ఆట అయ్యాక పార్వతి నా బల్ల దగ్గర ఆగింది. ఆ సమాధి ఎక్కడుందో, ఆ తోటలెక్కడున్నాయో, రెండూ దగ్గరో దూరమో మనకు తెలియదు కదా అని చెప్పాలా అనుకున్నాను. అది నాకంటే ముందే తెలిసిన మొహం ఆమెది.

"మా అత్త రోజూ అడుగుతాది బావూ, నా కొడుకెక్కడున్నాడే అని. నాకు నోరు రాదు. ఇయాల సెప్తాను" అంది, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ. "జీడితోటలో ఉన్నాడు అత్తా, అంటాను."