గ్యాస్ ఎక్కించని రాజ్యమక్క

ఎండలో మూసి ఉంచిన కారు తలుపు తీస్తే ఒక వాసన వస్తుంది. కాగిన రెగ్జిన్, ఎండిన చెమట, డ్యాష్‌బోర్డు మీద వాడిపోయిన మల్లెపూలు, అన్నీ కలిసి ముఖాన కొడతాయి. నందిగామలో నా ఏసీ షెడ్డుకు ఇవాళ వచ్చిన కారూ అలాగే కొట్టింది. దాని ఓనరు దిగీ దిగకముందే "గ్యాస్ ఎక్కించెయ్యండి, అర్జెంటు" అన్నాడు. ఏళ్ళ తరబడి ఇదే మాట. విని విని విసుగొచ్చేసింది. పోనీ ఎక్కించి పంపేస్తే ఈ ఎండలో నా ఒళ్ళయినా నాకు దక్కుతుంది కదా అని మనసు పీకుతుంది కూడా. అలా పీకినప్పుడల్లా రాజ్యమక్క గుర్తొస్తుంది. ఇక చేతులు ఊరుకోవు.

రాజ్యమక్క జగ్గయ్యపేటలో కార్ల ఏసీలు బాగుచేసేది. భర్త పోయాక షెడ్డు అమ్మేస్తుందని అందరూ అనుకున్నారట. అమ్మలేదు సరికదా, కొంగు బొడ్లో దోపి తానే బానెట్ ఎత్తింది. లారీ తోలి తోలి విసిగిపోయి, ఇక ఆ బతుకు నావల్ల కాదనుకుని నేను ఆవిడ దగ్గర పనికి చేరాను. ఆవిడ నోటికి జడిసి సగంమంది పక్కవీధి నుంచే వెనక్కి తిరిగేవారు. గ్యాస్ ఎక్కించమని అడిగిన ప్రతివాడికీ ఒకటే పాఠం.

"గ్యాసేమన్నా పెట్రోలా అండీ, తాగేసి అయిపోవడానికి? తగ్గిందంటే ఎటో కారుతున్నట్టే. అదెక్కడో చూడకుండా నేనెక్కించను. తొందరైతే ఇంకోచోటికి పొండి."

ముందుగా ఏసీ పైపులకు మణికట్టు లోపలివైపు ఆనించి చూసేది. ఒకటి చల్లగా ఉండాలి, ఒకటి వేడిగా ఉండాలి. పనిచేసి చేసి అరచేతులు మొద్దుబారాయట, మణికట్టు ఒక్కటే నిజం చెబుతుందట. మీటర్లు ఆ తర్వాతే. వేసవిలో షెడ్డు చుట్టూ తడిపిన గోనెపట్టాలు వేలాడదీసేవాళ్ళం, పొద్దున్నే వాకిలంతా నీళ్ళు చల్లేవాళ్ళం. జగ్గయ్యపేట ఎండలకు ఆ మాత్రం చెయ్యకపోతే పనిచేసే మనుషులే మిగలరు. రాజ్యమక్క పొరపాటు పడింది ఆ గోనెపట్టాల వల్లే.

నాగేశ్వరరావని ట్యాక్సీ తోలే అతను ఉండేవాడు. కిడ్నీలు పాడైన తన మేనమామను డయాలసిస్‌కు విజయవాడ తీసుకెళ్ళి తెచ్చేవాడు. ఆయన బడిలో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పొద్దున వెళ్ళేటప్పుడు ఏసీ బ్రహ్మాండంగా ఉండేది. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు, అదీ బండి ఆగినచోటల్లా, వేడిగాలి కొట్టేది. అసలే సత్తువ లేని మనిషి, ఆపైన రోహిణి కార్తె. ఒకసారి దారిలో స్పృహ తప్పిపోయారు. రాజ్యమక్క కారు చూసింది. ఒక జాయింటు దగ్గర చిన్న లీకు దొరికింది. అది సరిచేసి, గ్యాస్ నింపి, షెడ్డులోనే చాలాసేపు నడిపించింది. గాలి జివ్వుమని వచ్చింది. "తీసుకెళ్ళు, ఇక ఢోకా లేదు" అంది.

తర్వాతి ప్రయాణంలో మళ్ళీ అదే కథ. మాస్టారు ఇంటికొచ్చి మంచమెక్కి, ఇక డయాలసిస్‌కు రానని భీష్మించుకున్నారు. మానేస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాగేశ్వరరావు షెడ్డుకొచ్చి తిట్టలేదు, గోడకానుకుని ఏడ్చాడు. రాజ్యమక్క చేతిలో పని పడేసి నేరుగా మాస్టారింటికి నడిచింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

"ఇంట్లో ప్రశాంతంగా చావనివ్వండమ్మా. ఆ కొలిమిలో కూర్చోడం నావల్ల కాదు," అన్నారాయన గోడవైపు తిరిగి.

"తప్పు నాదే మాస్టారూ. బాగైపోయిందనేశా, అవ్వలేదు. ఈసారి నేనూ మీ పక్కనే కూర్చుంటా. మీకు ఉక్కపోస్తే నాకూ పోస్తుంది. ఈ ఒక్కసారీ రండి, మళ్ళీ అడగను."

ఆయన మెల్లగా ఇటు తిరిగారు. "నీకెందుకమ్మా ఈ తిప్పలు" అన్నారు. అది ఒప్పుకోవడమేనని ఆవిడే అనేసుకుంది.

షెడ్డు మూసి ఇద్దరం వెళ్ళాం. ఆస్పత్రి పనయ్యాక మంచి ఎండలో తిరుగు ప్రయాణం కట్టాం. పరిటాల దాటేదాకా కారులో చల్లగానే ఉంది. కంచికచర్లలో బస్సుల వెనక ఇరుక్కుపోయాం. బండి ఆగింది, గాలి వెచ్చబడింది. మాస్టారి పెదాలు తడారిపోయాయి. రాజ్యమక్క ఒక్క ఉదుటున దిగి బానెట్ ఎత్తించింది. గ్యాసును చల్లార్చాల్సిన ఫ్యాను కదలకుండా నిలబడి ఉంది.

"ఇదిగో, ఇదీ సంగతి! వేడెక్కితే మోటారు ఆగిపోతోందయ్యా శ్రీనూ. బండి పరుగెడుతున్నంతసేపూ ఎదురుగాలే దీని పని చేసేస్తోంది. ఆగితే ఎవరు చేస్తారు? మన షెడ్డులోనేమో తడిపట్టాల చల్లదనానికి సుఖంగా తిరిగింది. ఎంత మతిలేని పని చేశా!" అని నాతో అంటూ స్పానర్‌తో మోటారు మీద ఒక్కటిచ్చింది. ఫ్యాను తిరిగింది.

దాన్నలాగే నందిగామ దాకా లాక్కొచ్చాం. విడిభాగాల కొట్టులో మాస్టారిని కూర్చోబెట్టి మజ్జిగ తాగించి, మేమిద్దరం రోడ్డు పక్కనే కొత్త మోటారు బిగించాం. కాగిన బోల్టులు తగిలి ఆవిడ వేళ్ళు బొబ్బలెక్కాయి. బిగించాక కూడా వెళ్దామనలేదు. బండిని ఎండలోనే ఆపి, ఇంజను నడుస్తుండగా లోపల కూర్చుని చూసుకుని, అప్పుడు పిలిచింది మాస్టారిని.

జగ్గయ్యపేట చేరేసరికి ఆయన నిద్రపోయారు. ఇంటి ముందు ఆగాక నాగేశ్వరరావు "మామయ్యా" అని లేపబోతే రాజ్యమక్క అతని చెయ్యి పట్టుకుంది. "లేపకు. ఇంజను ఆపకు." అని మెల్లగా దిగి, కారు ముందు ఎండలో నిలబడింది. నీడకు రమ్మన్నాను. "మళ్ళీ ఆగితే ఎవరు చూస్తారయ్యా?" అంది, ఫ్యాను మీదినుంచి చూపు తిప్పకుండా. ఆయన తనంతట తాను లేచేదాకా అక్కడే ఉంది.

ఆ తర్వాత మాస్టారు విజయవాడ వెళ్ళనని ఎప్పుడూ అనలేదు. కొన్నేళ్ళు బతికారు. రాజ్యమక్కా ఇప్పుడు లేదు. నేను అలిసిపోయాను, దాచుకోవడం దేనికి. అయినా బాగుచేసిన ప్రతి కారునూ ఎండలోకి తీసి నిలబెడతాను, పక్కనే నేనూ నిలబడతాను. కళ్ళు మండుతాయి, కాళ్ళు పీకుతాయి, చాల్లే పొమ్మని ఒళ్ళు గోలపెడుతుంది. లోపల కూర్చున్న మనిషికి రెప్పలు బరువెక్కేదాకా నాకు కదలబుద్ధి కాదు.