మామగారి మగ్గం గుంటలో కుందేలు

1961 ఉగాదికి పుట్టింటికి పోయి వస్తుంటే మా బాపు ఒక తెల్ల కుందేలు పిల్లను నా చేతుల్లో పెట్టాడు. దాన్ని ఎత్తుకుని నారాయణపేటలో బస్సు దిగి అత్తగారింట్లో అడుగు పెట్టాను.

"పుట్టింటోళ్లు బిడ్డెంట బర్రెను తోలుతరు. మీ బాపు ఎలుకను తోలిండు," అంది అత్తమ్మ, వాకిట్లోనే.

ఆ ఇంట్లో నాదంటూ ఉన్న ప్రాణం అదొక్కటే.

భాద్రపదం నాటికి ఎదిగింది. ఎదిగిన మగ కుందేలు ఇది నా జాగా అని చెప్పడానికి వెనక్కి తిరిగి మూత్రం చిమ్ముతుంది. అది చిమ్మింది మగ్గానికి ఎక్కించాలని గంజి పెట్టి ఆరేసిన పడుగు నూలు మీద. ఒక చీర పొడవున నూలు మరకలు పడి పాడైపోయింది. అత్తమ్మ తీర్పు చెప్పేసింది: "విత్తులు తీపియ్యి, లేకుంటే కూరొండు."

మావారు పొట్టేళ్లకు విత్తులు తీసే గొర్ల కాపరిని పిలుచుకొచ్చారు. "గింతంత జీవానికి నా కత్తే ఎక్కువైతది," అని నవ్వాడు గాని, పని శుభ్రంగా చేశాడు. గాయానికి వేపనూనె, పసుపు పూశాడు. నేను దాని కళ్లు కొంగుతో మూసి పట్టుకున్నాను. అది అరవలేదు. పళ్లు నూరింది. ఆ సన్నటి అదురు నా అరచేతికి తెలిసింది.

"రేపు పొద్దుగాల దాంక నోటికేం వెట్టకు బిడ్డా. పొట్టేలుకైనా గంతే," అన్నాడు కాపరి పోతూ.

పొట్టేలు తట్టుకుంటుంది. కుందేలు కడుపులో మేత ఎప్పుడూ కదులుతూ ఉండాలి. ఆగిందా, తర్వాత ఎంత మేత పెట్టినా ముట్టదు. ఆనాడు ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

గాలి తగలని, పిల్లి దూరని చోటు ఇంట్లో ఒక్కటే ఉంది, మామగారి మగ్గం గుంట. నేసే మనిషి అంచున కూర్చుని కాళ్లు గుంటలోకి దించి, అడుగునున్న పలకలు తొక్కుతాడు. మామగారు ఆ మాఘంలోనే పోయారు. ఆయన నేస్తున్న చీర సగంలో మగ్గం మీదే ఉంది. ఏడాది కర్మ అయ్యేదాకా దాన్ని కోయరు, అక్కడ ఎవరూ కూర్చోరు. మా ఇంటి కట్టు అది. అత్తమ్మ వద్దంది.

"మనిషి కూసోవద్దన్నవు గని, కుందేలు కూసోవద్దన్నవా అమ్మా?" అన్నారు మావారు.

పాత ధోవతి పరిచి దాన్ని అందులో దించాను.

తెల్లవారి లేత గడ్డి పెట్టాను. వాసన కూడా చూడలేదు. చెవులు చల్లగా ఉన్నాయి. అడుగున ఒక్క పెంటిక లేదు. నూలు తూచే తక్కెడలో పెట్టి చూశాను. ముందునాటి తూకం కన్నా ఎనిమిది తులాలు తగ్గింది.

"రేపటికి ఉండదు," అన్నారు మావారు.

ఆనాడు దీపాలు పెట్టే వేళ నేను, అత్తమ్మ పొయ్యి దగ్గర ఉన్నాం. పక్క గదే మగ్గం అర్ర. మగ్గం అర్రలో టప్పుమంది. కొంచెం ఆగి, మళ్లీ టప్పు. పలక తొక్కిన చప్పుడే. మామగారు ఎడమ కాలు ఒక క్షణం ఆలస్యంగా వేసేవారు. ఇదీ అలాగే ఆగి పడింది.

అత్తమ్మ చేయి ఆగింది. పెనం మీద రొట్టె మాడింది.

"మీ మామ తొక్కుతుండు," అంది, నీళ్లు తెమ్మన్నంత మామూలుగా. "ఆకలైనట్టుంది."

"కుందేలు అత్తమ్మా. భయపడితే ఎనక కాలు నేలకు కొడతది."

"నా పెండ్లి అయినకాడి నుంచి ఇన్న చప్పుడు. నువ్వు నాకు జెప్తవా?"

ఆమె ఒక జొన్న రొట్టె, పిడికెడు పచ్చి మెంతికూర పట్టుకుని లేచింది. మామగారు రొట్టెలోకి మెంతికూర పచ్చిదే నమిలేవారు. రెండూ గుంటలోకి దించి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"సచ్చినోళ్లు తింటుంటే సూడొద్దు. లోపలికి పోకు."

పొద్దున్నే తలుపు తీశాం. రొట్టె పెట్టినట్టే ఉంది. మెంతికూర ఒక్క కాడ లేదు. ధోవతి మీద మిరియపు గింజల్లా నల్లటి పెంటికలు. లెక్కపెట్టాను, ఏడు. నేను ఎదురుగా కూర్చుని పెట్టింది ముట్టని జీవం, చీకట్లో ఒంటరిగా విడిచిపెడితే తిన్నది. నేను అలా లెక్క తేల్చుకున్నాను. అత్తమ్మ పెంటికల వైపు చూడనే లేదు.

"తిన్నడు," అంది.

నేను కాదనలేదు. ఆ మెంతికూర రోజూ గుంటలో పడాలి, నాకు కావలసింది అదే. పొద్దున ఉప్పు వేసి కాచిన నీళ్లు చల్లార్చి గాయం కడిగేదాన్ని, ధోవతి మార్చేదాన్ని, తక్కెడలో పెట్టేదాన్ని. సాయంత్రం అత్తమ్మ కూర దించేది. పోయిన ఎనిమిది తులాలూ తిరిగి వచ్చాయి. గాయం ఎండి పొక్కు కట్టింది.

ఆ పొక్కు రాలే రోజుల్లో ఒకనాడు, దీపాలు పెట్టే వేళకే, దాన్ని పొయ్యి వెలుగులో ఒడిలో వేసుకుని గాయం చూస్తున్నాను. నాలుగు కాళ్లూ నా కొంగులో చుట్టి ఉన్నాయి. ఇంట్లో నేను, అత్తమ్మ ఇద్దరమే.

మగ్గం అర్రలో టప్పుమంది. కొంచెం ఆగి, మళ్లీ టప్పు.

కుందేలు రెండు చెవులూ అటు తిరిగాయి.

అత్తమ్మ నా ఒడిలోకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. మెంతికూర కట్ట విప్పి రెండు పిడికిళ్లు చేసింది.

"గిది దానికి," అని ఒకటి నా ఒడిలో పెట్టింది. రెండోది పట్టుకుని, రొట్టెతో అర్రలోకి పోయింది.