రికార్డులో లేని పాట

మావయ్య పోయాడన్న సంగతి నాకు మైకు రిక్షా చెప్పింది.

శనివారం మధ్యాహ్నం దివిసీమ బస్సు దిగి బందరు బస్టాండు బయట నిలబడి ఉన్నాను. దివిసీమలో ఒక ఊళ్లో నేను చిన్నపిల్లల టీచర్ని, వారానికోసారి ఇంటికి వస్తాను. రిక్షాలో ఒకతను గొట్టం మైకు నోటి దగ్గర పెట్టుకుని కాగితం చూసి చదువుతున్నాడు. "మన ఊరి అభిమాన మాండలిన్ కళాకారులు స్వర్గస్థులైన సందర్భంగా రేపు సాయంత్రం సంతాప సభ. సభానంతరం వారి ఆత్మశాంతికై సినీ సంగీత విభావరి. యావన్మందీ విచ్చేసి ఆనందించ ప్రార్థన."

ఆనందించాలట! అతన్ని అనడానికి లేదు. ఆర్కెస్ట్రా వాళ్లు ప్రతి కచేరీకీ ఇచ్చే కాగితమే అది. పైన రెండు ముక్కలు మార్చి, కింద మార్చడం మరిచిపోయారు. నేను ఇంటికి చేరేసరికి మావయ్యని మట్టి చేసి ఒక రోజు దాటిపోయింది.

ఆయన మా అమ్మకి తోడబుట్టినవాడు కాదు. మా నాన్న గిలకలదిండి నుంచి చేపలు తెచ్చి వీధుల్లో అమ్మేవాడు. మావయ్య చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే సాయిబుగారు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య తాటాకు తడిక ఒక్కటే అడ్డం. మా అమ్మ ఆయన్ని అన్నయ్యా అనేది, అలా నాకు మావయ్య అయ్యాడు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. నేను పద్యాలు అప్పజెబుతుంటే తడిక అవతలి నుంచి మాండలిన్ టింగుమనేది. నేను ఎక్కడైనా ఆగిపోతే అదీ ఆగిపోయేది. నాకు రోషం వచ్చి గబగబా గుర్తు తెచ్చుకునేదాన్ని.

నగలకి మెరుగు పెట్టే చోట ఎప్పుడూ ఆసిడ్ పొగ. దాంతో ఆయనకి చిన్నప్పటి నుంచీ దగ్గు. రెండు చరణాలు పాడితే మూడోదానికి గొంతు పట్టేసేది. పని అయ్యాక కుంకుడు నురగతో చేతులు తోముకుని, ఒక్కో వేలూ వాసన చూసుకుని, అప్పుడు మేకుకి వేలాడే మాండలిన్ దించేవాడు. కొబ్బరిచిప్ప ముక్క అరగదీసి దాంతో మీటేవాడు. కొన్న ముక్కలు ఆయనకి నచ్చేవి కావు. "అవి చప్పుడు చేస్తాయమ్మా, మాట్లాడవు" అనేవాడు.

ఊళ్లో మా వీధివాళ్లంతా కలిసి పెట్టుకున్న ఆర్కెస్ట్రా ఒకటి ఉండేది. ఎవరి పనులు వాళ్లకున్నాయి, సరదా కొద్దీ వాయించేవాళ్లు. పెళ్లిళ్లకీ, పందిళ్లకీ సినిమా పాటలు. దానికి సెక్రటరీ గారని ఒక పెద్దమనిషి. ఆయన దృష్టిలో సంగీతానికి ఒకటే పరీక్ష: రికార్డులో ఉన్నట్టు ఉందా లేదా?

ఈ రికార్డు గోల ఎంతదాకా వెళ్లిందో చెప్తాను. కొత్త పాట వస్తే అందరూ బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో కూర్చుని, అక్కడి గ్రామఫోను రికార్డు విని నేర్చుకునేవాళ్లు. ఒక పాట రికార్డు మీద గీత పడింది. ముల్లు అక్కడికి రాగానే వెనక్కి జారి, అదే మాట రెండోసారి వినిపించేది. మనవాళ్లు దాన్ని కూడా నేర్చుకున్నారు. ఊరంతా వినేది ఆ హోటల్ రికార్డే కాబట్టి బందరులో చప్పట్లు మోగిపోయాయి. గుడివాడలో ఒక పెళ్లికి వెళ్లి అదే పాట అలాగే వాయిస్తే ముందు వరస వాళ్లు విరగబడి నవ్వారు. "ఏమండోయ్, మీ మాండలిన్‌కి నత్తి ఉందా?" అన్నారు. సెక్రటరీ గారు సిగ్గుపడి, తిరిగొచ్చాక పాట సరిచేయించారు. ఆ వారమే బందరులో సరిగ్గా వాయిస్తే ఇక్కడివాళ్లు లేచి, "రెండోసారి మింగేశారేం? రికార్డులో ఉందిగా!" అని గొడవ పెట్టారు. చివరికి బందరులో గీతతో, గుడివాడలో గీత లేకుండా వాయించాలని తీర్మానం అయింది. నిజంగానే తీర్మానం. చేతులెత్తి ఒప్పుకున్నారు.

మావయ్య ఆ సంగతి చెప్పి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవాడు. నాకు అప్పుడూ నవ్వు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. గీతని నెత్తిన పెట్టుకున్న ఊరు, ఆ మనిషి సొంతంగా కట్టిన ఒక్క పాటకి చోటివ్వలేదు.

ఆ ఆర్కెస్ట్రాలో నేనూ కొన్నాళ్లు పాడాను. ఆడపిల్ల స్టేజీ ఎక్కడం ఏమిటని నాన్న కస్సుమంటే, "నా పక్కనే నిలబడుతుంది బావా, నీ కూతురి మీద చూపు పడితే ముందు నా మీద పడాలి" అని మావయ్య ఒప్పించాడు. ఆరు నెలలు తిరక్కుండా సెక్రటరీ గారు నన్ను పిలిచారు.

"నీ గొంతు బాగుందమ్మా, కాదన్ను. కానీ అది రికార్డులో ఆవిడ గొంతులా లేదు."

"నా గొంతు నా గొంతులా ఉందండీ."

"అదేగా వచ్చిన చిక్కు" అన్నారు, ఎంతో జాలిగా.

ఆ మర్నాడే మావయ్య తడిక మీదుగా తల పెట్టి, "ఆదివారం కార్ఖానా ఖాళీ. వస్తావా? డోలక్ బాబాయి కూడా వస్తాడు" అన్నాడు. డోలక్ బాబాయి అంటే వీధి చివర మిషను కుట్టే దర్జీ. అలా ముగ్గురం అయ్యాం. మావయ్య పాట కట్టేవాడు, నేను పాడేదాన్ని. మున్సిపాలిటీ కుళాయి మీద ఒక పాట, రంగు పోయిన గాజు మీద ఒకటి, చేపల బుట్ట దించాక మా నాన్న మెడ ఎలా తిప్పుతాడో దాని మీద ఒకటి. చదువుకున్నదాన్ని కదా, రాసిపెడతానంటే వద్దనేవాడు. "కాగితం మీద పెడితే గొంతు మరిచిపోతుంది. ముందు నీలో ఉండనీ." ఆ విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు.

పెడనలో తెలిసినవాళ్ల పెళ్లిలో ఈ పాటలు మొదలుపెడితే, పెళ్లికొడుకు తండ్రి రెండో పాటకే వచ్చి, "ఇవేం పాటలండీ? మేం విన్నవి పాడండి" అన్నాడు. "వినకపోతే విన్నవి ఎలా అవుతాయి బాబుగారూ?" అన్నాడు మావయ్య. ఆయన అన్నది మర్యాదగానే. పెళ్లివారు మాత్రం భోజనాలయ్యేదాకా మా వైపు చూడలేదు. ఇది సెక్రటరీ గారి చెవిన పడి, ఆయన వీధిలో అందరి ముందూ ఎగతాళి చేశారు. "గిల్టు నగలు చేసుకునేవాడివి, నీకు అసలు పాటలెందుకయ్యా?"

"నేను గిల్టని చెప్పే అమ్ముతానండీ" అన్నాడు మావయ్య.

తర్వాత ఉప్పెన వచ్చింది. దాని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు తగ్గాక మా వీధి మగవాళ్లు పులిహోర పొట్లాలు కట్టుకుని లారీలో దివిసీమ వెళ్లారు. మావయ్యా వెళ్లాడు. వచ్చాక చాలా రోజులు కార్ఖానా తెరవలేదు, మాండలిన్ దించలేదు. ఒక ఆదివారం మమ్మల్ని పిలిచి, దగ్గుతూ దగ్గుతూ తనే పాడి వినిపించాడు.

ఎవరింటి తలుపమ్మా ఇది
ఏటి గట్టున ఆగింది
తట్టి చూద్దామనుకుంటే
వెనకాల ఇల్లే లేదు

ఇంకా మూడు చరణాలున్నాయి. డోలక్ బాబాయి చేతులు ఒళ్లో పెట్టుకుని, "దీనికి దరువు వద్దు" అన్నాడు. మావయ్య కూడా ఒక్క తీగ మాత్రమే, చరణం చివర, ఒక్కసారి మీటేవాడు.

ఉప్పెన బాధితుల సహాయం కోసం ఆర్కెస్ట్రా వాళ్లు కచేరీ పెట్టారు. మావయ్య తన జీవితంలో మొదటిసారి నోరు తెరిచి అడిగాడు. ఒక్క పాట, సొంతది. నేను పక్కనే ఉన్నాను.

"అదేం పాటయ్యా! జనం విరాళం ఇవ్వడానికి వస్తారు, ఏడవడానికి రారు" అన్నారు సెక్రటరీ గారు.

ఆ సాయంత్రం ఉప్పెన బాధితుల కోసం హీరో హీరోయిన్ తోటలో పరుగెత్తే పాట వాయించారు. మావయ్యే వాయించాడు, చక్కగా, రికార్డులో ఉన్నట్టే. ఇంటికొచ్చాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎందుకు వాయించావు, మాండలిన్ కింద పెట్టి రాలేకపోయావా అని.

"ఆ పాట నీకేం అపకారం చేసిందమ్మా? దాన్నీ ఎవరో ఒకళ్లు కట్టారు కదా, వాళ్ల ఇంట్లో కూర్చుని" అన్నాడు. ఆయనకి సినిమా పాటలంటే ద్వేషం లేదు. రెండూ వాయించుకుంటూ హాయిగా ఉండేవాడు. ఆ మంచితనాన్ని నేను గౌరవిస్తాను, కానీ ఒప్పుకోను. ఆయన కోపం తెచ్చుకుని ఉంటే, ఇది చదివే బందరువాళ్లూ, మీలో కొందరైనా ఆ పాట ఆయన ఉండగా వినేవారు.

ఆదివారం సభకి వెళ్లాను. దండ వేసిన ఫోటో ఒక కుర్చీలో, మాండలిన్ ఇంకో కుర్చీలో పెట్టారు. పెద్దలు మాట్లాడారు. "కళ్లు మూసుకుంటే అది రికార్డో, మన సాయిబో తెలిసేది కాదు" అన్నారొకరు. చప్పట్లు కొట్టారు. ఒక మనిషి పోతే, అతను వేరే ఎవరిలాగానో ఉండేవాడని పొగిడి చప్పట్లు కొట్టారు. తర్వాత సెక్రటరీ గారు నా పేరు పిలిచి, మావయ్యకి ఇష్టమైన సినిమా పాట ఒకటి పాడమన్నారు.

నేను మైకు ముందుకి వెళ్లి తలుపు పాట ఎత్తుకున్నాను. వాయిద్యాలేమీ లేవు. మొదటి చరణం అయింది. వెనక వరసల నుంచి ఈల వచ్చింది. "హుషారైంది పాడవే!" అన్నాడొకడు. రెండో చరణానికి ఊపిరి తీసుకుంటుండగా సెక్రటరీ గారు కాంగో వాయించేవాడికి సైగ చేశారు. నాకు సాయం చేద్దామనే అనుకుని ఉంటారు, ఆయన ముఖం అలాగే ఉంది. దడదడమని సినిమా పాట మొదలైపోయింది. నా గొంతు మునిగిపోయింది.

మీలో చాలామంది అక్కడున్నారు. ఈల వేసినవాళ్లకీ చదువొచ్చే ఉంటుంది, ఇది చదువుతారు. మీ ఇళ్లల్లో పెళ్లిళ్లకి వాయించినవాడు పోతే, నాలుగు చరణాల సేపు కూర్చోలేకపోయారు. మీరు చేసింది దొంగతనమంటాను నేను. ఆయన వేళ్లు వాడుకున్నారు, ఆయన్ని వద్దన్నారు.

మైకు అక్కడే వదిలి, కుర్చీలోని మాండలిన్ తీసుకుని దిగిపోయాను. "అమ్మాయ్, అది సభకి..." అని ఎవరో అంటున్నా ఆగలేదు. డోలక్ బాబాయి ఏమీ అడక్కుండా నా వెంట వచ్చాడు.

ఇంకా వెలుతురుంది. తిన్నగా కార్ఖానాకి వెళ్లాం. దాని వెనకాలే వాళ్ల ఇల్లు, మధ్యలో ఒక పరదా. మావయ్య భార్య, నేను అత్తయ్యా అంటాను, పరదా అవతల ఉంది. వాళ్లలో భర్త పోయిన ఆవిడ కొన్నాళ్లు గడప దాటకూడదు, పరాయి మగవాళ్లకి కనిపించకూడదు. అందుకే సభకి రాలేదు.

"పాడనిచ్చారా?" అంది.

"ఒక్క చరణం."

"మిగతావి ఇక్కడ పాడు. ఆయనకైతే ఈ గదే తెలుసు."

నాలుగూ పాడాను. మాండలిన్ మీటడం నాకు రాదు. చరణం చివర ఆ ఒక్క తీగనీ బాబాయి తడుముకుంటూ మీటాడు, తప్పుగానే మీటాడు. పాట అయ్యాక చూస్తే గుమ్మంలో ఎవరో మనిషి. చేతిలో సైకిలు. చొక్కా బొత్తాలు అటూ ఇటూ పెట్టుకున్నాడు. సభ దగ్గర నేను దిగినప్పటి నుంచీ వెనకే వచ్చాడట. దివిసీమ వాడినని, ఉప్పెన తర్వాత ఇక్కడే కూలి చేసుకుంటున్నానని చెప్పాడు.

"ఆ తలుపు మీరు చూశారా అమ్మా?"

"నేను చూడలేదండీ. పాట కట్టినాయన చూశాడు."

"ఏ రంగుదో చెప్పాడా?"

నాకు తెలియదు. ఇన్నేళ్లు పక్కింట్లో ఉండి, ఆ పాట అన్నిసార్లు పాడి, నేను ఆ మాట అడగలేదు. అది నిజం తలుపేనని కూడా అనుకోలేదు. బాబాయి వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

పరదా అవతలి నుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "ఆకుపచ్చది నాయనా. గడియ పైన ఉందట, పిల్లలకి అందకుండా."

ఆ మనిషి పరదా వైపు తిరిగాడు.

"మాది నీలం" అన్నాడు.

వెళ్లిపోతాడనుకున్నాను. సైకిలుకి స్టాండు వేసి వచ్చి, గుమ్మం బయట గొంతుక్కూర్చున్నాడు. మా వైపు చూడకుండానే ఎడమ చెయ్యి కార్ఖానా తలుపు చెక్క మీద ఆనించాడు. నేను మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నాను. పాడినంతసేపూ ఆ అరచెయ్యి చెక్క మీద పైకీ కిందకీ మెల్లగా కదులుతూనే ఉంది.