డైనింగ్ టేబుల్ మీద తార్నాక చౌరస్తా

మా పైఅంతస్తులో ఉండే మేడమ్ బ్యాంకులో రిటైరయ్యాక ప్లాస్టిక్ ఇటుకల పిచ్చిలో పడ్డారు. నెత్తిన బుడిపెలుండి, పిల్లలు ఒకదాని మీద ఒకటి బిగించి ఆడుకుంటారే, అవే. ఒక సాయంత్రం చేతిలో స్కేలుతో మా గుమ్మంలో నిలబడ్డారు.

"అన్నయ్యగారూ, తార్నాక చౌరస్తా మా డైనింగ్ టేబుల్ మీద పడుతుందా?"

నేను పదో తరగతి దాటలేదు. టైల్స్ కొట్టులో గదుల కొలతలు వేసీ వేసీ లెక్కలు వంటబట్టాయి. ఇంత మంచి ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. చాయ్ చల్లారేలోపు తేల్చాను. సిటీ బస్సుకు పన్నెండు బుడిపెల పొడవిస్తే, బుడిపెకో మీటరు. ఆ లెక్కన మనిషంటే ఒక గుండ్రటి ఇటుక, దాని నెత్తిన ఒక గుండ్రటి పలక. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. అందరూ అంతే.

మేడమ్ భర్త ఆరడుగుల మనిషి. నొచ్చుకున్నారు. "నాకు ఇంకో పలక వేయండి."

"వేస్తే ఆరడుగుల ఏడంగుళాలు అయితరు సార్."

"ఈయన్ని బస్సులో కూర్చోబెడదాం లెండి," అన్నారు మేడమ్. "ఎవరికీ కనపడరు."

చౌరస్తా బల్ల మీద పట్టింది గానీ యూ-టర్న్ పట్టలేదు. అప్పట్లో చౌరస్తా నడుమ డివైడర్ అడ్డంగా ఉండేది. లాలాగూడ వైపు నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌కు పోవాలంటే పక్కకు తిరిగి, చాలా దూరం పోయి, మళ్లీ వెనక్కి రావాలి. అడుగులతో కొలిచొచ్చి లెక్కేస్తే ఆ మలుపు వాళ్ల ఫ్రిజ్ దగ్గర తేలింది. భర్త కూర్చున్న బస్సును మేడమ్ తీసుకెళ్లి ఫ్రిజ్ మీదే పెట్టారు, పెరుగు గిన్నె పక్కన.

చౌరస్తా పెరిగేకొద్దీ మొగుడూ పెళ్లాం మంచం మీద కూర్చుని, ఒళ్లో పళ్లేలతో తినసాగారు. చివరికి ఆయన తెగేసి చెప్పారు. క్యాంపస్‌లో మేడమ్, నేను చేరిన ఇటుకల క్లబ్బు ఏటా ఒక ప్రదర్శన పెట్టి, నచ్చిన నమూనా ఒక్కదాన్ని ఇంజనీరింగ్ కాలేజీ వరండాలో అద్దాల బీరువాలో ఉంచుతుంది. "అందులో పెడితే సరే. లేకపోతే విప్పి డబ్బాల్లో పోసెయ్. నా బల్ల నాకు కావాలి."

బీరువా తాళంచెవి క్లబ్బు నడిపే లెక్చరర్ దగ్గరుంటుంది. పారిస్ టవర్ ఎంత వంకరగా కట్టినా ఆయన ఏమీ అనరు, ఎవరు చూసొచ్చారు గనక. మన ఊరి చోటు కడితే మాత్రం ఇప్పుడున్నది ఉన్నట్టు ఉండాలంటారు. అందుకని ఫోటో తీసుకొచ్చి పక్కన పెట్టి మరీ పోలుస్తారు.

ప్రదర్శన దగ్గరపడ్డాక మేడమ్ పరుగున కిందికొచ్చారు. "అన్నయ్యగారూ, కొంప మునిగింది! ట్రాఫిక్ వాళ్లు చౌరస్తా తెరిచేశారు!"

తార్నాక మొత్తం సంబరపడుతుంటే మేమిద్దరమే దిగులుపడ్డాం. డివైడర్ ఊడదీసి సిగ్నళ్లు నిలబెట్టాం. తీసిన ముక్కను మేడమ్ పారేయనివ్వలేదు.

"రెండు బుడిపెల మీద కూర్చునేలా చేద్దాం. కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు."

"చౌరస్తా తెరిచన్న ఉంటది, మూసన్న ఉంటది," అన్నాను. "రెండూ అంటే అది లెక్కే కాదు మేడమ్."

ఆవిడ అప్పటికే రోడ్డు మీద రెండు బుడిపెలు బిగిస్తున్నారు.

ప్రదర్శన రోజు నమూనాను నాలుగు ముక్కలు చేసి ట్రాలీ ఆటోలో ఎక్కించాం. మేడమ్ ముందు, నేను వెనక, రెండు చేతులతో తార్నాకను పట్టుకుని. అసలు తార్నాకకు చేరేసరికి ఆటో ఆగింది. ఎదురుగా పసుపుపచ్చ బారికేడ్లు.

"మళ్ల బంద్ వెట్టిన్రు మేడమ్," అన్నాడు డ్రైవర్. "యూ-టర్న్ కొట్టాలె."

నా చేతుల్లో ఉన్నదేమో తెరిచిన చౌరస్తా. మేడమ్ మాత్రం హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, టిఫిన్ డబ్బా కింద నుంచి డివైడర్ ముక్క తీశారు. వెనక్కి తిరిగి, "ఇప్పుడు లెక్కేనా అన్నయ్యగారూ?" అని నా చేతిలో పెట్టారు. యూ-టర్న్ దాకా పోయి వచ్చేలోపు బిగించేశాను.

క్లబ్బులో లెక్చరర్ ఫోన్ తీసి చూశారు. ఆయన ఫోటో నిన్నటిది. "ఇది తెరిచుంది కదా మేడమ్?"

మేడమ్ ముక్క లాగేశారు.

అప్పుడే హెల్మెట్ తీస్తూ లోపలికొచ్చిన ఒక స్టూడెంట్, "పొద్దున్నుంచి బందే ఉన్నది సార్. గిప్పుడే తిరిగొచ్చిన," అన్నాడు.

మేడమ్ ముక్క పెట్టేశారు.

"ఏదో ఒకటి ఫైనల్ చేయండి మేడమ్!"

"ముందు ఆ ట్రాఫిక్ వాళ్లని చేయమనండి సార్. వెంటనే నేనూ చేసేస్తాను."

లెక్చరర్ కుర్చీలో కూలబడి నవ్వారు. చౌరస్తా బీరువాలోకి పోయింది. తాళంచెవి మాత్రం మేడమ్ బ్యాగులోకి వచ్చింది. రోజుకో తీరుగా మారే నమూనాకు కాపలా కాయడం తన వల్ల కాదన్నారాయన.

భర్తకు బల్ల దక్కింది. పొద్దున పాలకు పోయి చౌరస్తా చూసొచ్చే పని కూడా ఆయనదే అయింది, ఎవరూ అప్పగించకుండానే. దారి మూసి ఉంటే తన ఇటుకల బస్సును ఫ్రిజ్ మీద పెడతారు, తెరిచి ఉంటే తీసి జేబులో వేసుకుంటారు. మేడమ్ ఫ్రిజ్ చూసి, ముక్క మార్చాల్సి వస్తే తాళంచెవి తీసుకుంటారు. మెట్ల మీద నుంచి నాకు కేక వినిపిస్తుంది. "అన్నయ్యగారూ, చెప్పులేసుకోండి!"