ఆడి గాలిలో ఇల్లు చూడడం

మార్చి చివర, పంగుణి నెలలో చూసిన ఆ ఇంటికి ఒక్క వంక చెప్పమంటే మా ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. తూర్పు వాకిలి, వెనక కొబ్బరిచెట్లు, నడిచి వెళ్ళేంత దూరంలో బడి, పక్కింట్లో మర్యాదస్తులు. మా అత్తగారు గడప తడిమి చూసి, "ఇల్లంటే ఇట్ల ఉండల్ల" అన్నారు. మా ఆయన అప్పుడే ఏ గదిలో ఏ మంచం వెయ్యాలో చెబుతున్నారు. బ్రోకరు మాత్రం నా ముఖం వైపే చూస్తున్నాడు. అడ్డం పడేది నేనేనని ఆ మనిషికి ఎలాగో తెలిసిపోయినట్టుంది.

నేను మేడ మీదికి వెళ్ళి పడమటి వైపు చూశాను. కొబ్బరితోట దాటగానే ఒక స్పిన్నింగ్ మిల్లు గోడ, దాని వెనక దూరంగా కొండలు. ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు. రాజపాళయంలో పంగుణి నెల అలాగే ఉంటుంది. ఎవరి ఇంటి లోపాలూ బయటపడని నెల అది.

నా గోల ఇల్లు గురించి కాదు, మా అమ్మాయి ఊపిరి గురించి. అప్పుడు మేం రాజపాళయం పక్కన సత్రపట్టిలో అద్దెకుండేవాళ్ళం. అటూ ఇటూ ఆసుపత్రులకు గాయాల కట్టుగుడ్డ నేసే మగ్గాలే. పొద్దున వాకిలి ఊడిస్తే దుమ్ముతో పాటు దూది నలుసులు వచ్చేవి. మా అమ్మాయికి ఏడేళ్ళు. పరుగెత్తితే రొమ్ములో పిల్లికూతలు, గట్టిగా నవ్వినా పిల్లికూతలే. నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆపుకునేది. ఏడ్చే పిల్లను ఓదార్చగలను గాని, నవ్వు ఆపుకునే పిల్లను చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడేది. ఈ నలుసులు లేని చోటికి మారకపోతే మందులు పెంచుకుంటూ పోవడమేనని డాక్టరమ్మ చెప్పేసింది. అందుకే ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. మా ఆయన కూడా మిల్లులో స్టోర్సు చూసే మనిషే. మాకు అన్నం పెట్టేది మిల్లే, దాన్ని తిట్టను. కానీ అన్నం పెట్టింది కదా అని దాన్ని తెచ్చి పిల్ల ముక్కు కింద పెట్టుకోలేం కదా!

"ఆడి రానీండి. గాలి కొట్టేటప్పుడు ఇంకోసారి చూస్తాము. అప్పుడు అడ్వాన్సు" అన్నాను బ్రోకరుతో.

మాట అన్నానో లేదో, అక్కడున్న ముగ్గురూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. తెలుగునాట ఆషాఢం ఎలాగో, తమిళనాట బతికే మాకు ఆడి నెల అలాగ. పెళ్ళి చూపులు ఉండవు, కొత్త కొట్టు తెరవరు, ఇల్లు కొనడం కాదు కదా, కొనాలని చూడ్డానికి కూడా గడప తొక్కరు. అదే నెలలో కనుమల సందుల్లోంచి పడమటి గాలి వచ్చి ఊరి మీద పడుతుంది. 'ఆడిక్ కాత్తుల అమ్మియుం పరక్కుం' అంటారు. సన్నికల్లు కూడా ఎగిరిపోతుందట. ఊరంతా గాలి దెబ్బ తినే నెలలో ఎవరూ ఇల్లు చూడరు. గాలి పడిపోయాక చూసి కొంటారు. కొన్నాక ప్రతి ఆడిలోనూ కిటికీలు మూసుకుని కూర్చుంటారు.

"ఆడిలో ఇల్లు చూసేదా? మా వంశంలో ఎవురైనా చేసినారా?" అన్నారు అత్తగారు.

"అమ్మా, ఆడి అంటే నేనే ఆఫీసు పూట్టి పెట్టి ఇంట్లో పండుకుంటాను. దానికి ముందు నెల, ఆనిలోనే ముగించేయండి, వేరే పార్టీ ఉండారు" అన్నాడు బ్రోకరు, లేని తాళం చేత్తో తిప్పి చూపిస్తూ.

"అందురూ వద్దనేదే నీకు కావల్ల" అన్నారు మా ఆయన.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, అది నిజమే. ఆని నెలలో అడ్వాన్సు ఇవ్వడానికి తాంబూలం పళ్ళెం సర్దారు. నేను చీర మార్చుకోలేదు. నేను రాకుండా ఇవ్వడం బాగుండదని పళ్ళెం మళ్ళీ పూజగదిలోకి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఇంట్లో నాతో మాట్లాడింది మా అమ్మాయి ఒక్కతే. ఆ ఇల్లు వేరేవాళ్ళు ఎగరేసుకుపోతే ఏం ముఖం పెట్టుకోవాలా అని నాకూ భయంగానే ఉండేది. బ్రోకరు చెప్పిన వేరే పార్టీ ఎవరో గాని, రాలేదు.

ఆడి వచ్చింది. గాలి తలుపులు బాదడం మొదలుపెట్టింది. నేను ముదురు నీలం చీర ఒకటి తడిపి, పిండి, బకెట్లో వేసుకుని ఆటో ఎక్కాను. అత్తగారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. నాకు తోడుగా కాదు, నేను గడప తొక్కకుండా కాపలాగా.

"గడప తొక్కను అత్తా. మెట్లు బయటే ఉండాయి, మేడ మీదికి మాత్రం పోతాను" అన్నాను. ఇంటివాళ్ళకు ముందే ఫోన్ చేసి అడిగాను కాబట్టి గేటు తీసే ఉంది. అత్తగారు వీధిలోనే నిలబడ్డారు.

మేడ మీద తీగకు చీర ఒక కొస కట్టేసరికి రెండో కొస గాలి లాక్కుంది. దాన్ని పట్టుకోబోతే నన్ను కూడా ఈడ్చుకుపోయేలా ఉంది. కింద నుంచి ఇదంతా చూస్తున్న అత్తగారికి కోపం ఆగలేదు. "చీర పట్టేదానికి కూడా చేత కాలేదు, ఇల్లు చూసేదానికి వచ్చింది" అని తిట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరం చెరో వైపు నిలబడ్డాం. కొబ్బరిచెట్లన్నీ మా మీదికే వంగుతున్నాయి. వాటి మీదుగా మిల్లు వైపు నుంచి గాలి తిన్నగా వస్తోంది. చీర ఆరిపోయేదాకా అలాగే పట్టుకున్నాం.

మడతపెడదామని చీర దగ్గరికి లాక్కున్నాక చూశాం. నీలం మీద తెల్లటి నూగు, కొత్త దుప్పటికి ఉన్నట్టు. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదల్లేదంటే ఇదే. అత్తగారు అరచేత్తో చీరను ఒకసారి నిమిరి, చెయ్యి తిప్పి చూసుకున్నారు.

"పాప రొమ్ములోకి పొయ్యేది ఇదే కదా మా" అన్నారు. అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నాకూ ఏడుపు వచ్చింది గాని, ఆ ఏడుపు కింద ఎంత సంతోషం ఉందో ఎవరికీ చెప్పుకోలేను. గెలిచాను!

బ్రోకరుకు ఫోన్ చేసి ఇల్లు వద్దని చెప్పింది కూడా అత్తగారే. ఆ తర్వాత ఆవిణ్ణి పట్టలేకపోయాం. నాకు గాలి పిచ్చి పడితే, ఆవిడకు అది ముదిరింది. ఆడి అయిపోకముందే చూడాలని రోజూ నన్ను లేపేది ఆవిడే. తెలియనివాళ్ళ వాకిట్లో నిలబడి మంచినీళ్ళు అడగడం, నీళ్ళు తెచ్చేలోపు కిటికీ చెక్క మీద వేలు రాసి చూడడం. "మీ ఇంట్లో పంజు వచ్చునా?" అని దూది సంగతి సూటిగా అడిగేసేవారు. ఒకామె మమ్మల్ని మునిసిపాలిటీ వాళ్ళనుకుని డ్రైనేజీ మీద ఫిర్యాదు చేసింది. అత్తగారు శ్రద్ధగా విని, పైకి చెబుతామని మాటిచ్చి వచ్చారు.

అలా తిరిగి తిరిగి ఊరికి పడమటి కొసన ఒక చిన్న ఇల్లు పట్టాం. దాని అవతల మామిడితోటలు, ఆ అవతల కొండలు, మధ్యలో ఏమీ లేదు. గాలి అక్కడ ఇంకా గట్టిగా కొడుతోంది గాని, అదే నీలం చీర ఆరేస్తే నీలంగానే దిగింది. ఆ ఇంటి బోరు నీళ్ళు ఒక బిందె తెచ్చుకుని కందిపప్పు ఉడకేశాం. మెత్తగా ఉడికింది, ఉప్పునీళ్ళు కాదన్నమాట. అక్టోబరు చివర, ఐప్పసి వానల్లో గొడుగు వేసుకుని వెళ్ళి, వీధిలో నీళ్ళు ఎటు పోతున్నాయో చూశాం. వాకిట్లో నిలవకుండా కాలువలోకి పోయాయి. ఇల్లు కట్టి చూడు అన్నారు గాని, పెద్దలు కొని చూడు అనలేదు. అది మేం కనిపెట్టుకోవలసి వచ్చింది.

దక్షిణం వాకిలి అని చుట్టాలు మొహం ముడుచుకున్నారు. సేత్తూరు నుంచి పనిగట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన, "అక్కా, దక్షిణం వాకిలి అచ్చిరాదు" అని మా అత్తగారికి హితబోధ మొదలుపెట్టారు.

"వాకిలి ఊపిరి పీల్చేది లేదు తమ్ముడా, పిల్ల పీల్చల్ల" అన్నారు అత్తగారు. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు.

సంక్రాంతి అయ్యాక, తై నెలలో పాలు పొంగించాం. మళ్ళీ ఆడి వచ్చేసరికి డాక్టరమ్మ మందులు తగ్గించింది. గాలి మొదలైన మొదటి ఆదివారం మా ఆయన ఎక్కడినుంచో గాలిపటం తెచ్చి, పిల్లను మేడ మీదికి తీసుకెళ్ళారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, అత్తగారు గుమ్మంలో మల్లెపూలు కడుతున్నారు. కాసేపటికి మేడ మీంచి మా అమ్మాయి గొంతు వినబడింది.

"నాయనా, దారం గట్టిగా పట్టుకో పట్టుకో అని అప్పుడే చెప్పినాను కదా, నువ్వు ఫోన్ చూస్తా నిలబడినావు, పటం చూడు ఎట్ల పోయిందో, మామిడితోటలో పడింది, తోట వాళ్ళు ఇస్తారా, ఇయ్యరు, ఇంకోటి నువ్వే కొనల్ల, దానికన్నా పెద్దది కొనల్ల, ఇప్పుడే కొనల్ల, అవ్వకు కూడా చెప్తాను, అమ్మకు కూడా చెప్తాను..."

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్ల ఒక్కచోట కూడా గుక్క తిప్పుకోలేదు. మెట్ల దగ్గరికి వెళ్ళి చూస్తే, మా ఆయన తిట్లు తింటూ తడి కళ్ళతో నవ్వుతున్నారు.

"ఇంకా అడుగు కన్నా, విడవొద్దు!" అని కింద నుంచి అత్తగారు కేక వేశారు.